వాగు నీళ్ళు డికాషన్‌లా ఎందుకున్నాయి?

పోయిన నెల ఈ శీర్షికలో ఒక పాఠకుడికి జవాబిస్తూ, ప్రపంచంలో చచ్చిన మొక్కలు పూర్తిగా కుళ్ళకుండా పేరుకున్న పీట్ నేలలు అని ఉంటాయనీ, అవి భూమ్మీది నేలలో 3 శాతమే అయినా అడవుల్లోని చెట్లన్నీ కలిపి దాచుకున్న దానికంటే ఎక్కువ కర్బనాన్ని దాచుకున్నాయనీ, వాటిలో కాలువలు తవ్వి నీళ్ళు తీసేస్తే పాడవుతాయనీ రాశాను. రాసింది రెండు వాక్యాలే. దానికి ఇన్ని ఉత్తరాలొస్తాయని అనుకోలేదు. ఎక్కువమంది అడిగింది ఆ నేలల మీంచి దిగే నీళ్ళ గురించే కాబట్టి ఈ నెల శీర్షిక మొత్తం వాటికే.

ప్రశ్న: మేము మాంచెస్టర్‌లో ఉంటాం. మొన్న సెలవులకి పిల్లల్ని తీసుకుని పీక్ డిస్ట్రిక్ట్ కొండలెక్కాం. పైన ఒక వాగు, నీళ్ళు అచ్చం పాలు పోయని టీలా ఉన్నాయి, రాళ్ళ దగ్గర నురగ కూడా కట్టింది. చుట్టుపక్కల ఫ్యాక్టరీ లేదు, ఇల్లన్నదే లేదు. మా పాప ఆ నీళ్ళలో చేతులు పెట్టి చాలాసేపు ఆడింది. అప్పట్నుంచీ నాకు టెన్షన్‌గా ఉందండీ. అది డ్రైనేజీ నీళ్ళా?
– ఒక పాఠకురాలు, మాంచెస్టర్

జవాబు: డ్రైనేజీ కాదమ్మా, పాపకేమీ కాదు. తినే ముందు చేతులు కడిగిస్తే చాలు.

మీరు చూసినవి పీట్ నీళ్ళు. ఆ కొండల మీద ఏడాదంతా వాన, చలి. నేల ఎప్పుడూ నానుతూనే ఉంటుంది. అలా నానిన నేలలోకి గాలి దూరదు, గాలి అందకపోతే చచ్చిన మొక్కల్ని కుళ్ళబెట్టే సూక్ష్మజీవుల పని నత్తనడక నడుస్తుంది. దాంతో స్ఫాగ్నమ్ అనే నాచు, గడ్డి, చిన్న పొదలు పూర్తిగా కుళ్ళకుండానే ఒకదాని మీద ఒకటి పేరుకుపోతాయి, ఏడాదికి సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున. అంటే మీ పాప నిలబడ్డ చోట మూడు మీటర్ల పీట్ ఉంటే దాని అడుగున ఉన్నది దాదాపు మూడు వేల ఏళ్ళ నాటి మొక్కలు!

ఇక రంగు. కలంకారీ బట్టని ముందు కరక్కాయ నీళ్ళలో నానబెడతారు కదా, కరక్కాయలో ఉన్న టానిన్లు నీళ్ళలోకి దిగుతాయి. తుమ్మ చెక్క నానబెట్టినా అంతే, టీ ఆకు మరిగించినా అంతే. కొండంత పీట్‌ని వాన నానబెడితే దిగే రంగే మీరు చూసింది. శాస్త్రవేత్తలు ఈ పదార్థాన్ని కరిగిన సేంద్రియ కర్బనం అంటారు, వాడుకలో డీఓసీ. నీళ్ళని 0.45 మైక్రోమీటర్ల సన్నటి వడపోత కాగితంలోంచి పంపితే కిందికి దిగేదాన్ని కరిగినట్టు లెక్కేస్తారు, పైన ఆగేది రేణువుల కింద జమ. పీట్ వాగులో లీటరుకు 20, 30 మిల్లీగ్రాముల డీఓసీ ఉండటం మామూలే. తేటగా పారే చాలా నదుల్లో అది రెండు మూడు మిల్లీగ్రాములు దాటదు.

నురగ కూడా ఆ పదార్థం వల్లే. కుంకుడుకాయ పులుసు చిలికితే నురగొస్తుంది చూడండి, అలా. సబ్బు నీళ్ళు కలిశాయని భయపడక్కర్లేదు. ఒక్క మాట మాత్రం, ఆ నీళ్ళు తాగనివ్వకండి. రంగు గురించి కాదు, ఆ కొండల మీద గొర్రెలు మేస్తాయి.

ప్రశ్న: నేను ఎమ్మెస్సీ పర్యావరణ శాస్త్రం చదువుతున్నాను. పీట్ వాగుల్లో డీఓసీ కొన్ని దశాబ్దాలుగా పెరుగుతోందని, దానికి కారణం భూతాపమని మా లెక్చరర్ చెప్పారు. ఒక చోట చదివితే కారణం గాలి శుభ్రపడటం అని ఉంది. రెండూ ఎలా నిజమవుతాయి? పరీక్షలో ఏం రాయాలి?
– ఒక విద్యార్థి, వరంగల్

జవాబు: బాబూ, మీ లెక్చరర్ గారు చెప్పింది తప్పని అనను, సగమే అంటాను. ముందు రెండు ప్రశ్నల్ని విడదీసుకో. నీళ్ళకి ఆ రంగు ఎందుకుంది అనేది ఒకటి, దానికి పైన జవాబు చెప్పేశాను. ఆ రంగు ఈమధ్య కాలంలో ఎందుకు ముదిరింది అనేది ఇంకొకటి. ఈ రెండో దాని మీద శాస్త్రవేత్తలు ఏళ్ళ తరబడి గట్టిగా వాదించుకున్నారు, ఆ వాదన వరసగా చదివితే సైన్సు ఎలా నడుస్తుందో తెలుస్తుంది, అందుకే కాస్త వివరంగా చెప్తాను.

2001లో వేల్స్‌లోని బ్యాంగర్ యూనివర్సిటీకి చెందిన క్రిస్ ఫ్రీమన్, ఆయన సహచరులు ‘నేచర్’ పత్రికలో ఒక చిన్న వ్యాసం వేశారు. బ్రిటన్ వాగులూ సరస్సుల్లో డీఓసీ 12 ఏళ్ళలో 65 శాతం పెరిగిందని అందులో చూపించారు. 65 శాతం! అందరూ ఉలిక్కిపడ్డారు. వేల ఏళ్ళుగా దాచిన కర్బనం కరిగి పోతోందేమో అని భయం. వాళ్ళు అప్పుడు వేలు చూపింది పెరుగుతున్న వేడి వైపే.

ఆ ఏడాదే, ఆ పత్రికలోనే, ఫ్రీమన్ బృందం ఇంకో సంగతి చెప్పింది. పీట్ కుళ్ళకుండా ఉండటానికి ఒక గొళ్ళెం ఉందని. ఫీనాల్ ఆక్సిడేజ్ అనే ఎంజైమ్ పని చెయ్యాలంటే ఆక్సిజన్ కావాలి. నీళ్ళతో నిండిన పీట్‌లో ఆక్సిజన్ ఉండదు కాబట్టి అది పడుకుంటుంది. అది పడుకుంటే ఫీనాలిక్ పదార్థాలు (టానిన్ల జాతివి) విరగకుండా పోగుపడతాయి, అవి పోగుపడితే మొక్కల పదార్థాన్ని విడగొట్టే మిగతా ఎంజైమ్‌ల చేతులు కట్టేసినట్టవుతుంది. ఇదీ గొళ్ళెం. నీటిమట్టం దిగి గాలి లోపలికెళ్ళిందంటే గొళ్ళెం ఊడిపోతుంది, ఒకసారి ఊడాక మళ్ళీ నీళ్ళొచ్చినా కుళ్ళడం వెంటనే ఆగకపోవచ్చు. 2004లో వాళ్ళే గాలిలో కార్బన్ డయాక్సైడ్ పెరిగితే మొక్కలు వేళ్ళ ద్వారా ఎక్కువ కర్బనం వదులుతాయని, అదీ డీఓసీని పెంచుతుందని ప్రయోగం చేసి చూపించారు.

ఇవన్నీ నిజమే, కానీ కొలతలు సరిపడలేదు. ఆ పన్నెండేళ్ళలో పెరిగిన కాస్త వేడి అంత పెద్ద పెరుగుదలకి చాలదు. ఇక్కడ 2007లో డాన్ మాంటీత్ అనే శాస్త్రవేత్త, ఇంకొందరు కలిసి ఉత్తర అమెరికా, ఉత్తర యూరప్‌లలోని 522 సరస్సులూ వాగుల లెక్కలు ముందేసుకున్నారు, 1990 నుంచి 2004 దాకా. ఎక్కడ వాన నీటిలో సల్ఫేటు బాగా తగ్గిందో అక్కడ డీఓసీ బాగా పెరిగింది. ఎక్కడ సల్ఫేటు పెద్దగా తగ్గలేదో అక్కడ డీఓసీ కూడా పెద్దగా కదల్లేదు.

అదెలా? బొగ్గు మండిస్తే వచ్చే సల్ఫర్ డయాక్సైడ్ వానలో కలిసి ఆమ్ల వర్షమైంది, ఆ సల్ఫేటు వచ్చింది దాన్నుంచే. ఆమ్లం, లవణాలు ఎక్కువైన నేలలో ఈ గోధుమరంగు పదార్థం కరగడానికి మొరాయిస్తుంది. పాలలో నిమ్మకాయ పిండితే విరిగి ముద్దకడతాయి కదా, అచ్చం ఆ రసాయనమే కాదు గానీ ఆ దారిలోనే ఊహించుకో. వందేళ్ళకి పైగా బ్రిటన్ కొండల మీద రోజూ ఎవరో నిమ్మకాయ పిండుతున్నట్టే ఉంది, రంగు నేలలోనే ఆగిపోయింది. అక్కడ సల్ఫర్ ఉద్గారాలు 1970 ప్రాంతంలో శిఖరానికి చేరి, ఆ తర్వాత 90 శాతానికి పైగా పడిపోయాయి. పిండటం ఆగింది, ఆగిన రంగు మళ్ళీ దిగడం మొదలైంది.

కరువు ఏడాదుల్లోనూ ఇదే కథ చిన్నగా కనిపిస్తుంది. ఉత్తర ఇంగ్లండ్‌లో టీస్ నది పుట్టే చోట మూర్ హౌస్ అనే కొండ ప్రాంతం ఉంది, పీట్ మీద పరిశోధనంటే మొదట చెప్పుకోవాల్సిన పేర్లలో అదొకటి. 1995లాంటి ఎండు ఏడాదిలో పీట్ పైపొర ఆరితే అందులోని సల్ఫైడ్లకి గాలి తగిలి సల్ఫేటుగా మారతాయి, ఆమ్లం పెరుగుతుంది, డీఓసీ తగ్గుతుంది. వానలు పడి ఆమ్లం దిగాక మళ్ళీ పెరుగుతుంది.

కాబట్టి పరీక్షలో ఇలా రాయి: ఉత్తర యూరప్‌లో ఇటీవలి పెరుగుదలకి ప్రధాన కారణం ఆమ్ల వర్షం తగ్గడం, వేడీ కరువూ కార్బన్ డయాక్సైడూ దాని మీద తోడయ్యేవి, ముందు ముందు వాటి వాటా పెరగొచ్చు. కాలువలు తవ్వడం, తగలబెట్టడం లాంటివి ఒక్కో లోయని బట్టి మారే స్థానిక కారణాలు. ఈ మూడిటినీ కలిపి ‘భూతాపం’ అని ఒక్క ముక్కలో రాస్తే మార్కులొస్తాయేమో గానీ విషయం పోతుంది.

ప్రశ్న: గాలి శుభ్రం చేస్తే నీళ్ళు రంగెక్కాయంటే, ఆ మురికి గాలే నయం అనుకోవాలా?
– ఒక పాఠకుడు, గ్లాస్గో

జవాబు: వద్దండీ, అలా అస్సలు అనుకోవద్దు. ఆమ్ల వర్షం స్కాట్లాండ్, నార్వే సరస్సుల్లో చేపల్ని లేకుండా చేసింది. మీకు దగ్గర్లో గాలోవే కొండల్లోనే అలా చచ్చిపోయిన సరస్సులున్నాయి. ఫ్యాక్టరీల యుగానికి ముందు ఆ నీళ్ళకి సహజంగా ఎంత రంగుండేదో దాని వైపే ఇప్పుడు తిరిగి వెళ్తున్నాయని 2007 వ్యాసం సారాంశం. రోగి ఒంటికి రక్తం పడుతుంటే ముఖం రంగు మారుతుంది, దాన్ని చూసి కంగారు పడం కదా. నేను కంగారు పడేది వేరే చోట, దెబ్బతిన్న పీట్ దగ్గర. తర్వాతి ప్రశ్న దాని గురించే.

ప్రశ్న: మాది కోనసీమ. మాకు మురుగు కాలువ పూడిందంటే చేను మునుగుతుంది, కొబ్బరి తోటలో బోదె తియ్యకపోతే వేళ్ళు కుళ్ళుతాయి. నీళ్ళు తీసెయ్యడమే మాకు వ్యవసాయం. పీట్ నేలలో కాలువ తవ్వడం పాపమన్నట్టు రాశారు మీరు. ఎందుకండీ?
– ఒక రైతు, అమలాపురం దగ్గర

జవాబు: మంచి ప్రశ్న అండీ, ఈ నెల ఉత్తరాల్లో నాకు బాగా నచ్చింది ఇదే. మీ నేల గోదావరి తెచ్చి పోసిన ఒండ్రు, మట్టి రేణువు. నీళ్ళు తీసేసినా మట్టి మట్టిగానే ఉంటుంది. పీట్ అలా కాదు. తడిగా ఉన్నప్పుడు అందులో 90 శాతం దాకా నీళ్ళే, మిగిలింది మొక్కల పదార్థం. నీళ్ళు తీస్తే ముందు కుంగుతుంది, తర్వాత గాలి సోకి కుళ్ళి, కొంత గాలిలోకి, కొంత వాగులోకి పోతుంది. నేలే మాయమవుతుంది! ఇంగ్లండ్ తూర్పున హోమ్ ఫెన్ అనే చోట, పక్కనున్న పెద్ద సరస్సుని ఎండగట్టిన రోజుల్లో, 1851లో పీట్‌లోకి ఒక ఇనుప స్తంభం దించారు, పైభాగం నేలకి సమానంగా ఉండేలా. ఇప్పుడది నేల మీద నాలుగు మీటర్లు పైకి నిలబడి ఉంది. స్తంభం లేవలేదు, నేల దిగిపోయింది.

బ్రిటన్ కొండల మీద 1960, 70ల్లో ప్రభుత్వం గ్రాంట్లిచ్చి మరీ యంత్రాలతో వేల కిలోమీటర్ల కాలువలు తవ్వించింది. ఉత్తర ఇంగ్లండ్‌లో వాటిని ‘గ్రిప్స్’ అంటారు. గొర్రెలకి మేత బాగా పెరుగుతుందని, వేటాడే గ్రౌజ్ పక్షులు ఎక్కువవుతాయని ఆశ. ఆశించినంత లాభం రాలేదు. నీటిమట్టం దిగింది, కాలువలు కోసుకుపోయి లోతైన గండ్లుగా మారాయి, వాన పడగానే నీళ్ళు సరాసరి వాగులోకి, వాటితో పాటు పీట్ కూడా. ఇప్పుడు అదే దేశం అవే కాలువలకి పీట్ ముద్దలతో చిన్న చిన్న కట్టలు వేసి పూడ్పిస్తోంది.

పూడిస్తే రంగు తగ్గుతుందా? ఇక్కడ నిజం చెప్పాలి, అన్నిచోట్లా తగ్గలేదు. లివర్‌పూల్‌కి నీళ్ళిచ్చే వేల్స్‌లోని వర్న్‌వీ సరస్సు పైన కొండల్లో కాలువలు కట్టేశాక బయటికి పోయే డీఓసీ తగ్గింది. అదే వేల్స్‌లో మిగ్నైంట్ అనే చోట ఏళ్ళ తరబడి కొలిస్తే నీళ్ళలో డీఓసీ గాఢత పెద్దగా మారలేదు. నా ఉద్దేశంలో కాలువ పూడ్చడాన్ని రంగు తగ్గించే మందుగా అమ్మకూడదు. నేల నిలబడటానికి, నాచు తిరిగి పెరగడానికి, పీట్ కోసుకుపోకుండా ఉండటానికి అది అవసరం, ఆ కారణాలు చాలు. మాంచెస్టర్ పాఠకురాలు చూసిన పీక్ డిస్ట్రిక్ట్‌లో వందేళ్ళ మిల్లుల పొగ, మంటలు, గొర్రెలు కలిసి నాచుని చంపేసి పీట్‌ని నగ్నంగా వదిలేశాయి. అక్కడ బ్లీక్‌లో అనే కొండ, దానిలాంటి ఇంకొన్ని కొండల మీదికి 2003 నుంచి హెలికాప్టర్లలో రాళ్ళూ, గడ్డి విత్తనాలూ, సున్నమూ మోసి మళ్ళీ పచ్చదనం తెస్తున్నారు. ఫొటోల్లో ముందూ తర్వాతా చూస్తే నాకు నిజంగా కడుపు నిండినట్టుంటుంది.

హెదర్ అనే కొండ పొదల్ని గ్రౌజ్ పక్షుల కోసం వంతులవారీగా తగలబెట్టడం గురించి కూడా అడిగారు కొందరు. దాని వల్ల రంగు పెరుగుతుందా లేదా అన్నది ఇంకా వాదనలోనే ఉంది. అయినా 40 సెంటీమీటర్లకి మించి లోతున్న పీట్ మీద, రక్షిత ప్రాంతాల్లో, లైసెన్సు లేకుండా కాల్చకూడదని ఇంగ్లండ్ 2021లో నిబంధన తెచ్చింది, 2025లో దాన్ని ఇంకా బిగించింది. సరైన పనే చేశారనుకుంటాను.

కాలువల వల్ల జరిగిన అసలు ఘోరం చూడాలంటే మాత్రం బోర్నియో వెళ్ళాలి. ఇండోనేషియా 1990ల మధ్యలో ఆ దీవిలోని మధ్య కాలిమంతాన్‌లో పది లక్షల హెక్టార్ల పీట్ అడవిని వరి పొలాలు చేద్దామని 4 వేల కిలోమీటర్లకి పైగా కాలువలు తవ్వింది. వరి పండలేదు. పీట్ ఎండింది, 1997 ఎల్‌నినో ఏడాదిలో నెలల తరబడి తగలబడింది. 2013లో వచ్చిన ఒక పరిశోధనలో, అడవి బాగున్న చోటితో పోలిస్తే పాడైన చోట నీళ్ళతో పోయే కర్బనం దాదాపు సగం ఎక్కువని తేలింది. అంతకంటే బాధ కలిగించేది, బాగున్న అడవి నుంచి వచ్చే డీఓసీ నిన్నమొన్నటి ఆకులది, పాడైన చోటి నుంచి వచ్చేది వందల, వేల ఏళ్ళ నాటిది. అంటే రోజువారీ ఖర్చు కాదు, తాతముత్తాతలు దాచింది కరిగిపోతోంది. మన ఇళ్ళలో వాడే పామాయిల్‌లో ఎక్కువ భాగం ఇండోనేషియా, మలేషియాల నుంచే వస్తుంది, అక్కడి తోటల్లో కొన్ని ఇలా ఎండగట్టిన పీట్ మీద వేసినవే. మన గోదావరి జిల్లాల్లో, ఖమ్మంలో పండేది మామూలు మట్టిలో, ఆ రెండూ ఒకటి కాదు.

ప్రశ్న: వాగులో కొట్టుకుపోయే కర్బనం ఎంతుంటుంది? లెక్కలోకి తీసుకునేంతా?
– ఒక ఉపాధ్యాయిని, నెల్లూరు

జవాబు: తీసుకోవాల్సినంతేనండీ. ఎడిన్‌బరోకి దక్షిణంగా ఆకెన్‌కార్త్ మాస్ అనే పీట్ చిత్తడి ఉంది. అక్కడ ఒక దశలో కొలిస్తే మొక్కలు గాలి నుంచి తీసుకున్నంత కర్బనాన్ని వాగు దాదాపు అంతా మోసుకుపోతున్నట్టు తేలింది. గాలి కొలత ఒక్కటే చూస్తే ఆ నేల కర్బనాన్ని కూడబెడుతోందనిపిస్తుంది, వాగు కలిపితే చేతిలో ఏమీ మిగల్లేదు. తర్వాతి ఏళ్ళలో కొలిస్తే మిగులు కనిపించింది. ఏడాదిని బట్టి మారుతుందన్నమాట.

వాగులో పోయింది సముద్రంలో భద్రంగా చేరుతుందనుకోకండి. ఎండకి, సూక్ష్మజీవులకి విరిగి చాలావరకు దారిలోనే కార్బన్ డయాక్సైడ్‌గా గాలిలో కలుస్తుంది. 2013లో ఐక్యరాజ్య సమితి వాతావరణ నిపుణుల సంఘం ఐపీసీసీ ఇచ్చిన లెక్కల పద్ధతిలో పీట్‌ని ఎండగడితే డీఓసీ 60 శాతం పెరుగుతుందని, అందులో 90 శాతం చివరికి గాలిలోకే పోతుందని తీసుకుంటారు.

ప్రశ్న: లీడ్స్‌లో ఉంటున్నాను. కొండ మీద నీళ్ళు అంత రంగుంటే మా కుళాయిలో తేటగా ఎలా వస్తున్నాయి?
– ఒక పాఠకుడు

జవాబు: చాలా ఖర్చు పెట్టి. బ్రిటన్‌లో దాదాపు 2.8 కోట్ల మంది తాగే నీళ్ళకి పీట్ కొండలతో సంబంధం ఉంది. మన ఊళ్ళలో బిందెలో పటిక తిప్పితే, చిల్లగింజ అరగదీసి కలిపితే బురద అడుక్కి దిగుతుంది. శుద్ధి కేంద్రంలో చేసేదీ ఆ పటిక జాతి పనే, అల్యూమినియం లేదా ఇనుము లవణాలు కలుపుతారు. కాకపోతే బురద రేణువులు సులువుగా దిగుతాయి, కరిగిన రంగు అంత సులువుగా లొంగదు, మందు ఎక్కువ పొయ్యాలి, ఆమ్లత సరిగ్గా కుదరాలి. రంగు పెరిగే కొద్దీ మందు ఖర్చు, అడుగున దిగే బురద కూడా పెరుగుతాయి.

రంగు తీయకుండా క్లోరిన్ కలిపితే ఇంకో చిక్కు. క్లోరిన్‌కీ డీఓసీకీ మధ్య చర్య జరిగి ట్రైహాలోమీథేన్లు పుడతాయి, క్లోరోఫామ్ వాటిలో ఒకటి. నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్‌లో యోహన్నెస్ రూక్ 1974లో ఈ సంగతి బయటపెట్టాడు. ఏళ్ళ తరబడి ఎక్కువ మోతాదులో తాగడం మంచిది కాదు కాబట్టి బ్రిటన్‌లో లీటరుకు 100 మైక్రోగ్రాములకి మించకూడదని నియమం. మన దేశపు తాగునీటి ప్రమాణాల్లోనూ వీటికి పరిమితులున్నాయి, ఆకులూ నాచూ కుళ్ళిన ఏ చెరువు నీళ్ళకి క్లోరిన్ కలిపినా ఇవి కొద్దో గొప్పో పుడతాయి మరి. అలాగని క్లోరిన్ మానేస్తే కలరా, టైఫాయిడ్ గుమ్మంలో ఉంటాయి. ముందు సేంద్రియ పదార్థం తీసి, తర్వాత క్లోరిన్ కలపడమే పద్ధతి.

ప్రశ్న: మిద్దె తోటలో కోకోపీట్ వాడతాను. మీ జవాబు చదివాక తప్పు చేస్తున్నానేమో అనిపించింది. మన దేశంలోనూ పీట్ తవ్వుతారా?
– ఒక గృహిణి, హైదరాబాద్

జవాబు: నిశ్చింతగా వాడండమ్మా. కోకోపీట్ పేరులోనే పీట్ ఉంది గానీ అది కొబ్బరి పీచు పొట్టు. అసలు పీట్ అంటే నర్సరీల్లో ‘పీట్ మాస్’ అని అమ్మేది, ఎక్కువగా కెనడా, బాల్టిక్ దేశాల చిత్తడుల నుంచి తవ్వి తెచ్చింది. దాని బదులు కోకోపీట్ వాడితే మంచిదే. మన దగ్గర పీట్ తక్కువ. నీలగిరుల్లో ఎత్తైన లోయల్లో చిన్న చిన్న పొరలున్నాయి, వాటిని పరిశీలించి 20 వేల ఏళ్ళ నాటి వాతావరణం ఎలా ఉండేదో 1993లో మన శాస్త్రవేత్తలు చెప్పారు. ఊటీ వెళ్ళినప్పుడు అలాంటి తడి గడ్డి లోయ కనిపిస్తే అందులో దిగి తొక్కకండి.

కోకోపీట్ ఇటుకని బకెట్‌లో నానబెట్టినప్పుడు నీళ్ళు డికాషన్‌లా మారతాయి, చూసే ఉంటారు. ఆ రంగు కూడా కొబ్బరి పీచులోంచి దిగిన డీఓసీయే. పీచులో ఉప్పు ఉంటుంది కాబట్టి రెండు మూడుసార్లు కడిగి, ఆ నీళ్ళు పారబోశాక కుండీల్లో వెయ్యండి.